జబ్బు మన సైడుది కాదన్నారు

తిరుపతి, చిత్తూరు జిల్లాల వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, క్యాజువాలిటీల్లో రాత్రి డ్యూటీలు చేసే డాక్టర్లకు, నర్సులకు నమస్కారం.

"ఇది మన సైడు జబ్బు కాదే!"

పోయిన డిసెంబర్లో ఒక రాత్రి, పదకొండు దాటాక, మా అబ్బాయి గురించి నేను చెబుతున్నది సగంలో ఆపి ఒక డ్యూటీ డాక్టరు అన్న మాట ఇది. ఆసుపత్రి పేరు రాయను. ఆ డాక్టరు మీద ఇప్పుడు కోపం కూడా లేదు. చిన్న వయసు, నిద్ర లేని కళ్ళు, పక్కనే రెండు యాక్సిడెంట్ కేసులు. కానీ ఆ మాటతో మాత్రం నాకు పేచీ ఉంది.

మాది పార్వతీపురం మన్యం. మేం జాతాపు గిరిజనులం. మా ఆయన నాకు మేనమామ కొడుకు. ఆయన బ్యాంకు ట్రాన్స్‌ఫర్ మీద తిరుపతి వచ్చి తొమ్మిదేళ్ళయింది. నేనిక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో బయాలజీ చెబుతాను. పెద్దమ్మాయికి ఏ ఇబ్బందీ లేదు. అబ్బాయికి పదమూడేళ్ళు, వాడికి సికిల్ సెల్. పుస్తకాల్లో కొడవలి కణ రక్తహీనత అని రాస్తారు గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళను నేనింతవరకు చూడలేదు, పరీక్ష పేపర్లో తప్ప.

ఆ రోజు తప్పు నాది కూడా. వాడి క్లాసు పిల్లలు అలిపిరి మెట్ల దారిన కొండకు నడిచి వెళ్తుంటే తనూ వెళ్తానన్నాడు. వద్దన్నాను, ఏడ్చాడు, సరేనన్నాను. 3,550 మెట్లు. దారిలో బాత్రూమ్ కోసం ఆగితే ఫ్రెండ్స్ వెక్కిరిస్తారని నీళ్ళు సరిగా తాగలేదు. గాలిగోపురం దగ్గర చెమట మీద చలిగాలి కొట్టింది. దర్శనం చేసుకుని బస్సులో దిగేసరికి నడుము పట్టేసిందన్నాడు. రాత్రి తొమ్మిదికి రెండు తొడలూ, వెన్నూ. "అమ్మా, ఎముక లోపల ఎవరో సుత్తితో కొడుతున్నారు" అన్నాడు.

ఫైలు పట్టుకుని పరిగెత్తాం. సికిల్ సెల్ అని చెప్పాను, వాడే మాత్రల పేరు చెప్పాను, ఇంతకుముందు నొప్పి వచ్చినప్పుడు ఏ ఇంజెక్షన్‌కు తగ్గిందో రాసిన కాగితం చూపించాను. వాడేమో గోడవైపు తిరిగి పడుకుని ఫోన్లో క్రికెట్ హైలైట్స్ చూస్తున్నాడు. "ఫోన్ చూస్తున్నాడు కదమ్మా, అంత నొప్పేం ఉండదులే" అని పారాసిటమాల్ మాత్ర ఒకటి ఇచ్చి పక్కకు కూర్చోమన్నారు. ఏళ్ళ తరబడి నొప్పితో బతికే పిల్లలు కేకలు పెట్టరు. కేకలు పెడితే ఇంకా నొప్పి పుడుతుందని వాళ్ళకు చిన్నప్పుడే తెలిసిపోతుంది. ఫోన్ చూడటం, గోడ మీద పెచ్చులు లెక్కపెట్టడం, ఊపిరి బిగబట్టి వదలడం, ఇవే వాళ్ళ ఏడుపు. వాడి కాలి వేళ్ళు లోపలికి ముడుచుకుని తెల్లగా అయిపోయి ఉన్నాయి. అవి చూసింది నేనూ, పక్క బెంచీ మీద కూర్చున్న పుత్తూరు వైపు పెద్దామే. ఆమె మనవడికి తెచ్చుకున్న ఫ్లాస్కులోంచి సీసాలోకి నీళ్ళు వంచి, తువ్వాలు చుట్టి ఇచ్చింది. "ఉడుకు నీళ్ళు మా, బిడ్డ తొడ మీద పెట్టు. నీళ్ళు కూడా తాపించు." మా వైపు వేణ్ణీళ్ళంటాం. ఆ రాత్రి మా వాడికి అందిన మొదటి వైద్యం ఆ ఉడుకు నీళ్ళే.

సరైన నొప్పి ఇంజెక్షన్ పడేసరికి రెండు గంటల నలభై నిమిషాలు. ఈలోపు హిమోగ్లోబిన్ 7.6 అని రిపోర్టు వచ్చింది, చీటీ మీద ఐరన్ టానిక్ రాశారు. అది నేను కొనలేదు. వాడికి రక్తం తక్కువయ్యేది ఇనుము లేక కాదు. కణాలు త్వరగా పగిలిపోయి. పగిలిన కణాల్లోని ఇనుము ఒంట్లోనే ఉంటుంది, రక్తం ఎక్కించిన ప్రతిసారీ ఇంకొంత చేరుతుంది. పరీక్షలో ఐరన్ లోపం తేలితే తప్ప ఈ పిల్లలకు ఐరన్ పోయకూడదు. రక్తహీనత అనగానే చెయ్యి దానంతటదే ఐరన్ రాసేస్తుంది, అర్థం చేసుకోగలను.

ఆ రెండు గంటల నలభై నిమిషాలూ వాడి తొడ ఎముకలో ఏం జరుగుతూ ఉండిందో రాస్తాను. మీకు తెలియదని కాదు, ఫస్టియర్ బయోకెమిస్ట్రీలో చదివే ఉంటారు. ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ళ కోసం. టీచర్ బుద్ధి, కాస్త ఓర్చుకోండి.

ఎర్ర రక్తకణం ఏడెనిమిది మైక్రాన్ల వెడల్పు. చిల్లు పెట్టకుండా మధ్యలో వేలితో అదిమిన గారెలా ఉంటుంది. అది దూరాల్సిన కేశనాళికలు కొన్ని దానికంటే ఇరుకు. మామూలు కణం మడతపడి, జారి, అవతలికి వెళ్ళాక మళ్ళీ గుండ్రంగా అవుతుంది. లోపలున్న 27 కోట్ల దాకా హిమోగ్లోబిన్ అణువులు దేనికది విడిగా ఉంటాయి కాబట్టి అలా వంగగలదు. మా వాడికి తేడా ఒక్కచోటే. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటాయి. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాలి, వాడికి వాలీన్ ఉంది. 11వ క్రోమోజోమ్ మీది జన్యువులో జీఏజీ అని ఉండాల్సిన చోట జీటీజీ అని ఉంది. అంతే, ఒక్క అక్షరం.

గ్లుటామిక్ ఆమ్లానికి నీళ్ళంటే ఇష్టం. వాలీన్‌కు గిట్టదు. ఆక్సిజన్‌ను దించేసినప్పుడు హిమోగ్లోబిన్ ఆకారం కొంచెం మారుతుంది కదా, అప్పుడు ఈ వాలీన్ నీళ్ళకు దూరంగా పక్క అణువులో ఉన్న ఒక గుంటలో దూరి అతుక్కుంటుంది. దానికి మరొకటి, దానికి ఇంకొకటి. పోగులు పేనితే తాడైనట్టు లోపల తాళ్ళు తయారై కణాన్ని సాగదీస్తాయి. కొడవలి ఆకారం అలా వస్తుంది. కొడవలి వంగదు. ఘాట్ రోడ్డు మలుపులో అడ్డం తిరిగిన లారీలా నాళంలో ఇరుక్కుంటుంది, వెనక వచ్చేవన్నీ దాని వెనకే. అవతల ఎముకకు గాలి అందదు. సుత్తి దెబ్బలంటే ఇవే.

ఇందులో నీళ్ళ సంగతి చాలామందికి తెలియదు. కణంలో నీరు కాస్త తగ్గి హిమోగ్లోబిన్ చిక్కబడితే తాళ్ళు అల్లుకునే వేగం కాస్త కాదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. చిక్కదనం తక్కువగా ఉంటే, తాడు అల్లుకునేలోపే కణం ఊపిరితిత్తులకు చేరి, ఆక్సిజన్ ఎక్కించుకుని బయటపడొచ్చు. అంటే బాటిల్‌లోని నీళ్ళు మిగుల్చుకుని మెట్లెక్కడం వాడికి చిన్న విషయం కాదు. నాకు తెలిసీ పంపాను చూడండి.

ఈ పాఠం చెబుతుంటే తొమ్మిదో తరగతి కుర్రాడొకడు లేచి అడిగాడు. "టీచర్, ఎర్ర కణానికి న్యూక్లియస్సే లేదంటిరి కదా, మరి జీన్ యాడుండాది?" ఇరవై ఏళ్ళ సర్వీసులో నాకు బాగా నచ్చిన ప్రశ్న. ఎముక మూలుగలో పుట్టేటప్పుడు న్యూక్లియస్ ఉంటుంది, హిమోగ్లోబిన్ తయారుచేసే ఆదేశం దాని నుంచే వస్తుంది, తర్వాత న్యూక్లియస్‌ను బయటికి నెట్టేసి కణం రక్తంలోకి వస్తుంది. ఆపైన తనను తాను బాగుచేసుకోలేదు, ఉన్నదాంతో బతకాలి. మామూలు కణం 120 రోజులు బతుకుతుంది. కొడవలి కణం 10 నుంచి 20 రోజులు. మన మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా కణాలు తయారు చేస్తుంది. మా వాడి మూలుగ అంతకు ఎన్నో రెట్లు చాకిరీ చేసినా ఎప్పుడూ బాకీనే.

ఒకసారి నా స్నేహితురాలి ల్యాబ్‌లో నా వేలి రక్తం చుక్క స్లైడ్ మీద వేసి, సోడియం మెటాబైసల్ఫైట్ కలిపి, గాలి చొరకుండా కవర్‌స్లిప్ అంచుల చుట్టూ నెయిల్ పాలిష్ పూశాం. టీ తాగి వచ్చి చూశాం. గుండ్రంగా ఉన్నవి ఒక్కొక్కటే కొసలు సాగి, మొనదేలి, హోలీ అనే విదేశీ చెట్టు ముళ్ళ ఆకుల్లా కొన్ని, కొడవళ్ళలా కొన్ని. నాకు జబ్బు లేదు, నేను క్యారియర్‌ని మాత్రమే. నాలో ఒక జన్యువు మంచిది, ఒకటి ఇది. మా ఆయనా అంతే. అలాంటి ఇద్దరికి ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం బిడ్డకు జబ్బు రావడానికి, సగం అవకాశం క్యారియర్ కావడానికి, నాలుగో వంతు ఏమీ లేకపోవడానికి. నలుగుర్ని కంటే ఒకరికి వస్తుందని కాదు. ప్రతిసారీ చీటీ కొత్తగా తీసినట్టే. మా అమ్మాయికి మంచి చీటీ వచ్చింది. స్లైడ్ మీద నా కణాలు అలా ముడుచుకుంటుంటే చూసి, ఆ స్నేహితురాలు మైక్రోస్కోప్ లైటు ఆపేసింది. నేను మళ్ళీ వేయించి చూశాను.

ఇక "మన సైడు" సంగతి.

ఈ జబ్బును వైద్య లోకం మొదట గుర్తించింది ఎక్కడో తెలుసా? చికాగోలో. 1904లో ఆసుపత్రిలో చేరిన ఆ రోగి గ్రెనడా అనే చిన్న దీవి నుంచి వచ్చి పళ్ళ డాక్టరు చదువు చదువుకుంటున్న కుర్రాడు. అతని రక్తంలో కొడవలి ఆకారాలు ఒక హౌస్ సర్జన్ కంటబడ్డాయి. ఆయన పై డాక్టర్ జేమ్స్ హెరిక్ 1910లో దాన్ని ప్రచురించాడు. ఆ హౌస్ సర్జన్ కూడా "ఇది చికాగో జబ్బు కాదే" అనుకుని స్లైడ్ కడిగేసి ఉంటే? తర్వాత 1949లో లైనస్ పాలింగ్ బృందం ఇది హిమోగ్లోబిన్ అణువులోని దోషమని తేల్చింది, కొన్నేళ్ళకు వెర్నాన్ ఇంగ్రమ్ ఆ ఆరో స్థానాన్ని పట్టుకున్నాడు. మన దేశంలో ఇది మొదట బయటపడిన చోట్లలో ఒకటి నీలగిరి కొండలు, 1952లో. నీలగిరులు మనకేమంత దూరం?

అసలు మన జిల్లాలో ఎంతమందికి ఉందన్నది కూడా నా వాదన కాదు. ఒక్క గంట తిరుపతి రైల్వే స్టేషన్ ముందు నిలబడండి. బిలాస్‌పూర్ నుంచి నేరుగా రైలు ఉంది, పూరీ నుంచి ఉంది. ఛత్తీస్‌గఢ్, ఒడిశా, విదర్భ, మా మన్యం, ఇవన్నీ సికిల్ సెల్ ఎక్కువగా ఉన్న ప్రాంతాలే. అక్కడి నుంచి వచ్చే యాత్రికుల తీరు చూడండి. రాత్రంతా జనరల్ బోగీలో నిద్ర లేదు. క్యూ కాంప్లెక్సులో గంటలు గంటలు కూర్చోవాలి. అక్కడ నీళ్ళిస్తారు, బాత్రూమ్‌కు పోతే వరుస తప్పుతుందని తాగరు. గుండు చేయించుకుని కొండ మీది చలిలో చన్నీళ్ళ స్నానం. మొక్కుంటే మెట్ల దారి. ఈ జబ్బున్నవాళ్ళు ఏమేం చేయకూడదో అవన్నీ ఒకే ఒక్క రోజులో పడతాయి. వాళ్ళలో ఎవరికైనా అర్ధరాత్రి తొడలు పట్టేస్తే తెచ్చేది మీ దగ్గరికే. అందులో చాలామందికి తమ జబ్బు పేరు తెలుగులో చెప్పడం రాదు. నాకైతే నోరుంది, ఫైలు ఉంది, బయాలజీ డిగ్రీ ఉంది. అయినా రెండు గంటల నలభై నిమిషాలు.

ఇంకో మాట. ఆ రాత్రే ఒకరు "మీరు ఎస్టీలా? అందుకే" అన్నారు. అందుకే నిజమే, కానీ ఆ అర్థంలో కాదు. మా అమ్మమ్మల ఊళ్ళలో మన్యం జ్వరానికి ఇళ్ళకిళ్ళు ఖాళీ అయ్యేవి. ఈ జన్యువు ఒక్కటి మాత్రమే ఉన్నవాళ్ళకు ఫాల్సిపారం మలేరియా ప్రాణాంతకంగా ముదరడం తక్కువ, ఆంథొనీ ఆలిసన్ అనే డాక్టరు 1954లో ఆఫ్రికాలో చూపించాడు. మలేరియా మధ్య బతికి బట్టకట్టినవాళ్ళ ఆనవాలు ఇది. మా అమ్మమ్మ బతకడానికి ఇదే సాయపడి ఉండొచ్చు, నా కొడుకు బాధపడుతున్నదీ దీనితోనే.

ఇప్పుడు అడగాల్సినవి అడుగుతాను.

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది, నొప్పి మందు టైము. బ్రిటన్‌లో సికిల్ నొప్పితో వచ్చిన మనిషికి అరగంటలోపు మందు పడాలని నియమం. అమెరికా రక్తవ్యాధుల డాక్టర్లు గంటలోపు అంటారు, తర్వాత ప్రతి అరగంటకో గంటకో మళ్ళీ వచ్చి చూడమంటారు. మన క్యాజువాలిటీల్లో గంట అని పెట్టుకుందాం. ఎవరిని ముందు చూడాలో తేల్చే ట్రయాజ్ టేబుల్ దగ్గర గోడకు ఒక్క కాగితం అంటించండి. సికిల్ సెల్ అని రోగి చెబితే నమ్మండి, నొప్పి ఎంత అని అతన్నే అడగండి, ముఖం చూసి మార్కులు వేయకండి. అదే కాగితం కింద ప్రాణం మీదికి వచ్చే గుర్తులు కూడా రాయండి: జ్వరం, ఛాతీలో నొప్పి, ఆయాసం, చిన్నపిల్లల్లో పొట్ట ఎడమవైపు ఉబ్బి మొహం పాలిపోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం. ఈ పిల్లలకు క్రిములను అడ్డుకునే ప్లీహం చిన్నతనంలోనే పనిచేయడం మానేస్తుంది కాబట్టి మామూలు జ్వరం అనుకున్నది కొన్ని గంటల్లోనే సెప్సిస్, అంటే ఒళ్ళంతా దెబ్బతీసే ఇన్ఫెక్షన్ కావచ్చు. అందుకే ఐదేళ్ళ దాకా రోజూ పెన్సిలిన్, న్యూమోకాకల్ టీకా.

పరీక్ష పెద్ద ఖర్చు కాదు. సాల్యుబిలిటీ టెస్ట్‌కు చుక్క రక్తం, ఒక ట్యూబు రీఏజెంట్ చాలు. కలిపాక ట్యూబు వెనక పెట్టిన గీతలు కనిపించకుండా మసకబారితే సికిల్ హిమోగ్లోబిన్ ఉన్నట్టు. ఇది జబ్బునూ క్యారియర్‌నూ విడదీయలేదు, ఆరు నెలల్లోపు పిల్లల్లో నమ్మలేం, ఎందుకంటే వాళ్ళలో ఇంకా గర్భస్థ హిమోగ్లోబిన్, అంటే కడుపులో ఉన్నప్పటి రకం, ఎక్కువ. మసకబారితే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే ఎలక్ట్రోఫోరెసిస్‌కో హెచ్‌పీఎల్‌సీకో పంపాలి. పెద్ద ఆసుపత్రులున్న ఊరు మనది. పీహెచ్‌సీలో మొదటి పరీక్ష, పట్నంలో రెండోది, మధ్యలో శాంపిల్ తీసుకెళ్ళే మనిషి ఒకరు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాహ్‌డోల్‌లో ప్రధాని ప్రారంభించిన జాతీయ మిషన్ కింద 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం, 2047 నాటికి జబ్బును లేకుండా చేయాలన్నది గమ్యం. ఆ మిషన్ కిందికి వచ్చే 17 రాష్ట్రాల్లో మనమూ ఉన్నాం. గిరిజన ప్రాంతాలకే అది ముందు వెళ్ళడం న్యాయమే. కానీ గిరిజనులు ఉద్యోగాలకు, చదువులకు, ఇటుక బట్టీలకు, మొక్కులకు ఊళ్ళు దాటి వస్తారు కదా.

హైడ్రాక్సీయూరియా మాత్రలు జిల్లా ఆసుపత్రి ఫార్మసీలో ఎప్పుడూ ఉండేలా చూడండి. ఇదేం కొత్త మందు కాదు, అమెరికాలో 1998లోనే పెద్దవాళ్ళ సికిల్ జబ్బుకు అనుమతించారు. ఆ గర్భస్థ హిమోగ్లోబిన్‌ను మళ్ళీ పెంచుతుంది, అది తాళ్ళ అల్లికకు అడ్డం పడుతుంది. మా వాడికి ఇది మొదలుపెట్టాక ఏడాదికి ఐదారుసార్లు వచ్చే నొప్పి ఒకటి రెండుకు తగ్గింది. కాకపోతే రక్తకణాల లెక్క క్రమం తప్పకుండా చూసుకోవాలి. మా వీధి చివరి మెడికల్ షాపులో అడిగితే "అది క్యాన్సర్ మాత్ర కదా మేడమ్, మీకెందుకు?" అని ఇప్పటికీ అడుగుతాడు. మాత్రలు అయిపోయినప్పుడల్లా రాయవేలూరు బస్సెక్కే తల్లిదండ్రులు నాకు తెలిసి ఇంకో ఇద్దరున్నారు. కూలి పని చేసుకునేవాళ్ళకు అది ఒక రోజు కూలి.

కొండ మీద వైద్యం చూసేవాళ్ళకు కూడా ఈ ఉత్తరం పంపుతున్నాను. మెట్ల దారిలో గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళను నడవొద్దని హెచ్చరిస్తున్నారు కదా, అందులో సికిల్ సెల్ అన్న మాట కూడా చేర్చండి. తెలుగు, హిందీతో పాటు ఒడియాలో కూడా.

పరీక్షలు పెరిగితే ఇంకో గొడవ వస్తుంది, ముందే చెబుతున్నా. మా ఆడపడుచు కూతురు క్యారియర్ అని తేలితే, అబ్బాయికి కనీసం పరీక్ష కూడా చేయించకుండా సంబంధం వదిలేశారు. క్యారియర్ రోగి కాదు. అవతలివాళ్ళు కూడా క్యారియర్ అయితేనే ఆలోచించాల్సింది, అప్పుడు కూడా గర్భంలో పరీక్ష చేసే దారులున్నాయి. రిపోర్టు చేతిలో పెట్టేటప్పుడు ఎవరో ఒకరు పది నిమిషాలు కూర్చుని ఈ మాట చెప్పాలి, ఆ అమ్మాయికి ఒంటరిగా చెప్పాలి, వరండాలో అందరి ముందు పేరు పిలిచి కాదు.

జన్యువునే సవరించే చికిత్స వచ్చింది కదా అని మా స్టాఫ్ రూములో అంటుంటారు. వచ్చింది, క్యాస్‌జెవీ అని, 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించాయి. అప్పుడు అమెరికాలో చెప్పిన ధర 22 లక్షల డాలర్లు. అది మా అందుబాటులోకి వచ్చే దాకా మాకు గంటలోపు ఇంజెక్షన్ కావాలి.

మీ హౌస్ సర్జన్లకు, నర్సులకు ఒక క్లాసు పెట్టండి. పిలిస్తే నేనొస్తాను, ఏ ఆదివారమైనా సరే, డబ్బులేం వద్దు. మైక్రోస్కోప్ మీది, మెటాబైసల్ఫైట్, నెయిల్ పాలిష్ నేను తెచ్చుకుంటాను. రక్తం నా వేలిదే ఇస్తాను. కణాలు ముడుచుకోవడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో మా వాడు నొప్పి వచ్చినప్పుడు ఎలా పడుకుంటాడో వాడే వచ్చి చెబుతానన్నాడు.

ఇట్లు,
ఒక బయాలజీ టీచర్,
తిరుపతి